రాళ్లు పలుకు చరిత్రము: బొహీమియా దేశము

ప్రాగ్ నగరమున ప్రాత పట్టణపు నడుమ విశాలమైన చదుకమొకటి గలదు. అందొక ప్రక్క నేలపై పఱచిన రాళ్లలో 27 తెల్లని శిలువ గుఱుతులు పొదిగి యున్నవి. వానికి కొంత దూరమున యాన్ హుస్ అను మతసంస్కర్తయొక్క పెద్ద కంచువిగ్రహము నిలిచి యున్నది. ఆ విగ్రహమునకు సమీపముననే సన్నని యెత్తైన రాతిస్తంభమును, దాని కొనను మరియమాత ప్రతిమయు గానవచ్చును. బాటసారి యీ మూటిని ఒక్క చూపులో చూడగలడు. కాని యీ మూడును ఒండొంటితో నెన్నడును పొసగినవి కావు. మొదటిది, 1621వ సంవత్సరము జూన్ 21వ తేదీన చక్రవర్తి యాజ్ఞచే అచ్చటనే వధింపబడిన తిరుగుబాటు నాయకులు ఇరువదియేడుగురి జ్ఞాపకము. రెండవది, రోమను మతాధికారులకు లొంగక 1415లో కాన్‌స్టాన్స్ పట్టణమున సజీవముగా దహింపబడిన వాని జ్ఞాపకము. మూడవది, ఆ తిరుగుబాటును అణచినట్టి కథోలిక చక్రవర్తియొక్క కుమారుడు 1650లో నిలిపిన స్తంభమునకు ప్రతిరూపము.

తండ్రి పటమును, తండ్రిని జంపినవాని పటమును ఒకే గోడకు వ్రేలాడగట్టిన యింటిని మన మెవ్వరమైన చూచితిమా? చూచినయెడల ఆ యింటివారు మతిలేనివారో, లేక మిక్కిలి వివేకులో యని విచారింపకుందుమా? చెక్ జాతివారి సాంస్కృతిక చరిత్రమంతయు నీ ప్రశ్నయందే యిమిడి యున్నది. గ్రంథములు ఏదో యొక పక్షమును వహించును. రాళ్లకట్టి నియమము లేదు. కట్టినవాని కోరికయు, మోసినవాని కష్టమును, కూల్చినవాని కోపమును అవి సమముగా భద్రపఱచును. కావున ఆ దేశపు కట్టడములను, నేలను చూచుచు ఆ జనుల కథను తెలిసికొన యత్నింతము.

బొహీమియా దేశమునకు నలువైపుల పర్వతములు ప్రాకారమువలె నున్నవి. ఆ ప్రాకారము లోపల వ్లతావా నది దక్షిణమునుండి యుత్తరమునకు ప్రవహించి లాబె నదిలో కలియును. ఆ లాబెనే జర్మనులు ఎల్బ యందురు. ఆ సంగమమునకు అనతిదూరమున, చదునైన పొలముల నడుమ, గంట నేలపై బోర్లించినట్లు రీప్ అను నొంటికొండ నిలిచి యున్నది. చెక్ అను మూలపురుషుడు తన జనమును వెంటబెట్టుకొని వచ్చి యీ కొండ చెంత నాగి, ఇదియే మన భూమి యని చెప్పెనని పూర్వగాథ. కొండపై గుండ్రని చిన్న దేవాలయమున్నది; పండ్రెండవ శతాబ్దపు లిఖితములలోనే దాని ప్రస్తావన గలదు. గాథ నిజమగునో కాదో పండితులు చెప్పవలయును గాని, ఒక్క సంగతి మాత్రము స్పష్టము. ఈ జాతివారు తమ జన్మకథనుగూడ పుస్తకముతో గాక కొండతోనే మొదలుపెట్టిరి.

పదునాలుగవ శతాబ్దమున నాల్గవ చార్లెస్ ఈ దేశమునేలెను. అతని తండ్రి లక్సెంబర్గు వంశస్థుడు. తల్లి చెక్ రాజపుత్రి. అతడు ప్రాగ్ నగరమును తన సామ్రాజ్యమునకు ముఖ్యపట్టణముగా జేసికొని, 1348లో విశ్వవిద్యాలయమును, నూతన పట్టణమును స్థాపించెను. 1357లో రాతివంతెనకు పునాది వేయించెను. కోటలోని సెయింట్ వీటస్ మహాలయము 1344లో నారంభమయ్యెను. దానికి మొదటి శిల్పి ఆరాస్‌నుండి వచ్చిన మాథ్యూ అను ఫ్రెంచివాడు. అతడు 1352లో మరణింపగా, పిదప వచ్చినవాడు ఇరువది మూడేండ్ల జర్మను యువకుడు, పీటర్ పార్లర్. రాజు లక్సెంబర్గువాడు, శిల్పులు ఫ్రెంచివాడును జర్మనువాడును. అయినను ఆ యాలయమును చెక్ జాతియొక్క మకుటమని పిలువని చెక్ వాడు లేడు. ఆలయము లోపలి గోడమీద మిక్కిలి యెత్తున నొక వరుస శిరోవిగ్రహములు గలవు. రాజు, రాణులు, మతాధికారులతోపాటు ఆ యిద్దఱు శిల్పుల ముఖములును అందు చెక్కబడియున్నవి. ఉలి పట్టిన వానికి రాజకుటుంబపు వరుసలో స్థానమిచ్చుట ఆ కాలమునకు సామాన్యమైన సంగతి కాదు.

ఈ యాలయము పూర్తియగుటకు ఎంత కాలము పట్టినదనుకొందురు? 1419లో హుస్ మతస్థుల యుద్ధములు చెలరేగగా పని నిలిచిపోయెను. పిమ్మట నది శతాబ్దముల తరబడి సగము కట్టిన కట్టడమై తాత్కాలికమైన గోడ నానుకొని నిలిచెను. పందొమ్మిదవ శతాబ్దమున జనులు సంఘముగా గూడి పని మరల మొదలిడిరి; అది 1929లో ముగిసెను. రాజులు మొదలుపెట్టిన పని రాజులు లేని ప్రజాప్రభుత్వకాలమున నెఱవేఱినది. ఇంటిపునాది యొకని చేతను, కప్పు వేఱొకని చేతను వేయబడినచో ఆ యిల్లు ఎవ్వనిది?

ఈ మహాలయముతో పోల్చిచూడదగిన కట్టడము మఱియొకటి గలదు. దాని పేరు బెత్లెహేము మందిరము. 1391లో పౌరులు కొందఱు దీనిని చెక్ భాషలో ప్రసంగములు జరుగుటకే ప్రత్యేకముగా స్థాపించిరి. ఆ కాలమున దేవాలయములందు పూజయు శాస్త్రమును లాటిను భాషలోనే యుండెడివి. సామాన్యునికి తన దేవునితో తన పలుకులో మాటలాడు చోటు కావలసివచ్చెను. ఈ మందిరమున శిఖరములు లేవు, చిత్రమైన స్తంభములు లేవు. నాలుగు గోడలు, విశాలమైన నేల, ప్రసంగించువానికొక యెత్తైన వేదిక, ఇంతే. సుమారు మూడువేలమంది నిలిచి వినవచ్చును. 1402 మొదలు యాన్ హుస్ ఇచ్చట ప్రసంగించెను. మతాధికారుల ధనాశను, పాపపరిహారపత్రముల విక్రయమును అతడు ఖండించెను. మహాలయము కన్నులకొఱకు కట్టబడినది. ఈ మందిరము చెవులకొఱకు కట్టబడినది. సంస్కరణ యనునది మొదట నొక గది యాకారమును మార్చుటతోనే ప్రారంభమయ్యెనని దీనివలన మనకు తెలియుచున్నది.

హుస్ దహనమునకు తరువాత రెండు శతాబ్దములు ఆ దేశమున సంస్కరణపక్షము ప్రబలముగా నుండెను. 1620వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ప్రాగ్ నగరమునకు పడమటనున్న తెల్లకొండమీద చక్రవర్తి సైన్యములకును తిరుగుబాటువారికిని యుద్ధము జరిగెను. అది యించుమించు రెండు గంటలలో ముగిసెను. ఆ రెండు గంటల ఫలము మూడువందల యేండ్లు నిలిచెను. ఇరువదియేడుగురి వధ జరిగెను. ఓడిన ప్రభువుల భూములు పరహస్తగతమయ్యెను. 1627లో క్రొత్త శాసనము కథోలిక మతముదక్క వేఱు మతము కూడదని విధించి, జర్మను భాషకు చెక్ భాషతో సమానమైన అధికారస్థానమిచ్చెను. వేలకొలది కుటుంబములు దేశము విడిచెను. విద్యాసంస్కర్తయైన కొమేనియస్ 1628లో వెడలిపోయి మరల స్వదేశమును చూడకయే 1670లో హాలెండు దేశమున గతించెను. పిమ్మటి కాలమును చెక్ దేశాభిమానులు అంధకారయుగమని పిలిచిరి.

ఇప్పుడు చదువరులు ఆశ్చర్యపడవలసిన విషయము వచ్చుచున్నది. ఈనాడు ప్రపంచము మెచ్చుకొను ప్రాగ్ నగరసౌందర్యములో అధికభాగము ఆ యంధకారయుగమున కట్టబడినదే. పచ్చని రాగిగుమ్మటములు, వంపులు దిరిగిన గోడలు, వంతెనపై నిరుదెసల వరుసదీరిన దేవతాప్రతిమలు, ఇవియన్నియు గెలిచినవారి కట్టడములు. నదికి పడమట నున్న సెయింట్ నికొలస్ ఆలయమును బవేరియానుండి వచ్చిన డీన్‌త్సెన్‌హోఫర్ వంశపు తండ్రికొడుకులు నిర్మించిరి. వారికి పని యప్పగించినవారు యేసుసంఘమువారు, అనగా హుస్ పేరును జనుల హృదయములనుండి తుడిచివేయుటకు బూనుకొన్నవారే. హుస్‌కు బదులుగా జనులకు వారు చూపిన పుణ్యపురుషుడు నెపోముక్ యాన్. ఇతనిని రాజాజ్ఞచే 1393లో వంతెనమీదినుండి నదిలోనికి త్రోసి చంపిరి. 1683లో ఇతని విగ్రహమును వంతెనపై నిలిపిరి. 1729లో రోమునగరమున ఇతనికి పరిశుద్ధుడను పదవి లభించెను. ఇతని ప్రతిమ లేని పల్లెవంతెన ఆ దేశమున అరుదు.

కావున నొక ప్రశ్న పుట్టుచున్నది. అణచివేతకు సాధనములైన కట్టడములను సుందరములని మెచ్చుకొనుట న్యాయమా? దీనికి ఒక శిల్పి జీవితము ప్రత్యుత్తరమిచ్చుచున్నది. అతడు సాంతీని. ఇటలీనుండి వచ్చిన రాతిపనివారి వంశమున 1677లో ప్రాగ్‌లో పుట్టెను. 1723లో అకాలమృత్యువు పాలయ్యెను. హుస్ కాలపు యుద్ధములలో పాడుపడిన మఠాలయములను బాగుచేయు పని అతనికి లభించెను. గెలిచిన పక్షమువాడు గావున ప్రాతదానిని పడగొట్టి తన కాలపు పద్ధతిలో కట్టవచ్చును. అతడట్లు చేయలేదు. మధ్యయుగపు కొనదేఱిన కమానులను, పక్కటెముకలవంటి కప్పుపట్టెలను మరల గ్రహించి, వానిని తన కాలపు వంపులతో జోడించెను. జ్దార్ పట్టణముచెంత కొండమీద 1719లో ఆరంభించి కట్టిన నెపోముక్ ఆలయము ఐదుకొనల నక్షత్రాకారమున నున్నది. అటువంటిది మఱియొకటి ఐరోపాలో కానరాదు. విరిగిన దానికి విరిగినవాని భాషలోనే కట్టుకట్టిన యీ మనుష్యుడు ఏ పక్షమువాడని చెప్పవలయును?

మఱియు, ఆ వంపులు మఠములలోనే నిలిచిపోలేదు. దక్షిణ బొహీమియా పల్లెలలో రైతుల యిండ్లు చూడుడు. హొలషొవిత్సె అను గ్రామమున చెఱువుతోడి పచ్చికబయలు చుట్టును ఇండ్లు వరుసగా నున్నవి. ఒక్కొక్కదాని ముఖభాగమును గంటయాకారపు వంపులతో, సున్నపు పువ్వులతో అలంకృతమై యున్నది. ఇవి పందొమ్మిదవ శతాబ్దపు పల్లెమేస్త్రీలు చేసిన పనులు. 1848 వఱకు ఆ దేశపు రైతు తన ప్రభువు పొలములో వెట్టిచాకిరి చేయవలసినవాడు. ఆ వెట్టి తొలగిన తరమున రైతులు తమ ధాన్యపు కొట్ల ముఖములమీద ప్రభువుల కోటలమీది వంపులనే పెట్టించుకొనిరి. మీ సౌందర్యము ఇక మాదియు నైనదని వారు నోట చెప్పలేదు, సున్నముతో చెప్పిరి.

నేలయు నిదే మాట చెప్పుచున్నది. త్రెబోన్ పట్టణమునకు చుట్టుప్రక్కల వందలకొలది చెఱువులు గలవు. వానిని ప్రకృతి యిచ్చినది కాదు. పదునాఱవ శతాబ్దమున బురదనేలలనుండి మనుష్యులే తీర్చిరి. అన్నిటిలో పెద్దదైన రోజ్‌మ్బెర్క్ చెఱువు 1584 మొదలు 1590 వఱకు యాకుబ్ క్ర్చీన్ అనువాని పర్యవేక్షణలో త్రవ్వబడెను. దాని కట్ట పొడవు రెండున్నర కిలోమీటర్లకు కొంచెము తక్కువ. చేపల వలని రాబడికొఱకు ప్రభువులు కట్టించినది. మట్టి మోసినవారు రైతులు. క్ర్చీన్ చేయించిన కఠినమైన చాకిరిని వారి సంతతివారు మఱచిపోలేదు. అతని ఆత్మ దయ్యములచే పీడింపబడుచు కట్టమీద తిరుగుచుండునని ఇప్పటికిని కథలు చెప్పుకొందురు. అయినను ఆ కట్టయే 2002లో గొప్ప వరద వచ్చినప్పుడు మామూలుకంటె పెక్కురెట్ల నీటిని నిలిపి దిగువనున్న యూళ్లకు అండగా నిలిచెను. కట్టించినవానిని శపించుచు, కట్టను కాపాడుకొనుట ఆ రైతులకు పరస్పరవిరుద్ధముగా తోచలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున చెక్ జాతి మేల్కొనెను. భాషకు నిఘంటువులు, వ్యాకరణములు వెలసెను; దానితోపాటు తమ సొంతమని చెప్పుకొనదగిన కట్టడమొకటి కావలెనను కోరిక జనించెను. అదియే ప్రాగ్‌లోని జాతీయ నాటకశాల. పల్లెపల్లెన చందాలు పోగుచేసిరి. 1868 మే 16వ తేదీన శంకుస్థాపన జరిగినప్పుడు రీప్ కొండనుండియు, దేశచరిత్రలో పేరొందిన యితర కొండలనుండియు రాళ్లు తెచ్చి పునాదిలో నుంచిరి. 1881 జూన్ నెలలో నాటకశాల తెఱువబడెను. ఆగస్టు 12వ తేదీన అగ్నికాహుతి యయ్యెను. దేశమంతయు నింటిలో చావు సంభవించినట్లు దుఃఖించెను. కాని నలువదియేడు దినములలోనే పదిలక్షల నాణెముల చందా పోగయ్యెనని ప్రసిద్ధి. 1883 నవంబరు 18వ తేదీన స్మెతనా రచించిన లిబుషె యను సంగీతనాటకముతో నాటకశాల మరల తెఱువబడెను. రంగస్థలమునకు పైన, జాతి తనకు తానే కట్టుకొనినదను భావమునిచ్చు రెండు మాటలు బంగారు అక్షరములతో చెక్కబడియున్నవి. ఆ మాటలలో గర్వమున్నది. ఆ గర్వము న్యాయమైనదే.

అయినను జాతిగర్వమునకొక ప్రమాదము గలదు. మనకు మనమే కట్టుకొన్నదే మనది యను మాట కొంచెము తప్పుదారిబట్టినచో, ఇతరులు కట్టినది మనది కాదనియు, ఇతరులు మనవారు కారనియు మాఱిపోవును. 1918 అక్టోబరు 28వ తేదీన చెక్ జనులకు స్వాతంత్ర్యము లభించెను. ఆఱు దినములు గడచిన పిదప తెల్లకొండమీది సభనుండి మరలివచ్చిన జనసమూహమొకటి ప్రాత పట్టణపు చదుకమున ప్రవేశించి, మరియమాత స్తంభమునకు త్రాళ్లు తగిలించి నేలగూల్చెను. ఆ స్తంభము తెల్లకొండ యోటమికి గుఱుతని వారి నమ్మకము. వాస్తవమట్లు కాదు. 1648లో స్వీడను సైన్యము నదికి పడమటి భాగమును పట్టుకొన్నప్పుడు, వంతెనయొద్ద ప్రాణములొడ్డి ప్రాత పట్టణమును కాపాడిన వారు ప్రాగ్ పౌరులును విద్యార్థులును. ఆ రక్షణకు కృతజ్ఞతగా నిలిపిన స్తంభమది. చక్రవర్తి పేరు దానిమీద నుండుట నిజమే; పౌరుల రక్తమును దానిలో నుండెను. కోపమునకు చదువు తోడు లేనప్పుడు తన పూర్వుల జ్ఞాపకమునే తాను కూల్చుకొనునని యీ యుదంతము తెలుపుచున్నది.

అటుపిమ్మట వచ్చిన కష్టములు రాళ్లతో నిలువలేదు. 1942 జూన్ 10వ తేదీన జర్మను నాజీలు లిదిత్సె గ్రామమున 173 మంది పురుషులను కాల్చి చంపిరి. స్త్రీలను నిర్బంధశిబిరమునకు బంపిరి. పిల్లలలో పెక్కుమందిని విషవాయువుతో జంపిరి. అంతటితో తృప్తిపడక ఇండ్లను తగులబెట్టి, దేవాలయమును పేల్చి, శ్మశానమును త్రవ్వి, సెలయేటి దారినిగూడ మార్చిరి. ఊరొకటి యుండెనను గుఱుతే మిగులరాదని వారి సంకల్పము. నేడచ్చట పచ్చికబయలున్నది, దాని చెంత గులాబీతోట యున్నది. ఆ శూన్యమే స్మారకమై నిలిచెను. ప్రాగ్‌లోని పింకాస్ యూదుల ప్రార్థనామందిరపు లోగోడలమీద, నాజీలచే బలియైన బొహీమియా మొరావియా యూదులు సుమారు 78,000 మంది పేర్లు వ్రాయబడియున్నవి. 1959 నాటికి వ్రాసి ముగించిన యా పేర్లు, 1968లో మందిరము మూయబడిన పిదప చెఱగిపోయెను. ప్రభుత్వము మాఱిన తరువాత 1992 మొదలు 1996 వఱకు వానిని మరల చేతితో వ్రాసిరి.

ఇంతవఱకు చెక్ జనులు అనుభవించిన దుఃఖములను చెప్పితిని. వారు చేసినదానిని చెప్పక విడుచుట న్యాయము గాదు. యుద్ధము ముగిసిన పిమ్మట, 1945, 1946 సంవత్సరములలో, సరిహద్దు పర్వతములలో శతాబ్దములుగా నివసించుచున్న జర్మనులను ఇంచుమించు ముప్పది లక్షలమందిని దేశమునుండి వెడలగొట్టిరి. వారిలో నాజీలకు తోడ్పడినవారు గలరు, తోడ్పడనివారును గలరు, పిల్లలును ముసలివారును గలరు. నేడా పర్వతములలో నడచువానికి అడవినడుమ నొక వరుస పండ్లచెట్లు, రాళ్లు రాలిన నుయ్యి, కప్పులేని దేవాలయము, జర్మను అక్షరములతో నొరగిన సమాధి కనబడును. అచ్చట నెవ్వరు నుండెడివారో చెట్లు చెప్పుచున్నవి. అట్టి గ్రామములు వందలకొలది మాసిపోయినవి. ఇటీవలి దశాబ్దములలో చెక్ యువకులు కొందఱు ఆ సమాధులను శుభ్రపఱచుటకును, వెడలిపోయిన వారి సంతతివారితో గలిసి ఆలయములను బాగుచేయుటకును పూనుకొనిరి. ఆ జాతి చరిత్రమున నాటకశాల కట్టిన పనికంటె నిది తక్కువైన పని యని నేను చెప్పజాలను. తనకొఱకు కట్టుట సులభము. తాను వెడలగొట్టిన వానికొఱకు సమాధిరాయిని నిలువబెట్టుట కష్టము.

ఇక బెత్లెహేము మందిరమేమయ్యెను? యేసుసంఘము రద్దయిన పిదప, 1786లో దానిని పడగొట్టిరి. దాని గోడలలో కొంతభాగము ఇరుగుపొరుగు ఇండ్లలో దాగి మిగిలెను. 1950 మొదలు 1954 వఱకు ఆ గోడలను వెలికిదీసి, ప్రాత చిత్రములనుబట్టి మందిరమును మరల కట్టిరి. కట్టించినది దేవుని నమ్మని కమ్యూనిస్టు ప్రభుత్వము! హుస్‌ను వారు దరిద్రుల పక్షమున నిలిచిన విప్లవకారునిగా తలచిరి. ఉద్దేశమేదైనను గోడలు మరల నిలిచెను. ఆ ప్రభుత్వము 1989లో పోయెను, గోడలు మాత్రము నిలిచియే యున్నవి. మరియమాత స్తంభమునుగూర్చి ముప్పది యేండ్లు వాదములు జరిగిన పిదప 2020లో దాని ప్రతిరూపమును పూర్వస్థానమున నిలిపిరి. నిలుపరాదన్నవారును బుద్ధిమంతులే, నిలుపవలెనన్నవారును బుద్ధిమంతులే. ప్రతిరూపము నిలిచినంతమాత్రమున 1918 నాటి కోపము అబద్ధము గాలేదు. ఆ కోపమునకు కారణములు నిజముగా నుండెను.

కావున మొదట వేసిన ప్రశ్నకు నా కిట్లు తోచుచున్నది. ఒక కట్టడము దానిని కట్టించినవానిది మాత్రమే యైనచో, చెక్ జాతికి తన దేశమున మిగులునది మిక్కిలి స్వల్పము. రాజు లక్సెంబర్గువాడు, శిల్పి జర్మనువాడు, సున్నము పూసినవాడు ఇటలీవాడు, పోషించినవాడు శత్రువు. కాని రాయిని మోసినవానిది, దాని నీడలో బ్రదికినవానిది, విఱిగినప్పుడు మరల నెత్తినవానిది గూడ ఆ కట్టడమే యని యొప్పుకొన్నచో, ఆ చిన్న జాతి మహాసంపన్నమైనది. అట్లొప్పుకొనువాడు మఱియొక ఋణమునకుగూడ బద్ధుడగుచున్నాడు: ఇచ్చట నివసించి వెడలగొట్టబడినవానికిని, చంపబడినవానికిని ఇందు భాగమున్నదని యతడు ఒప్పుకొనక తప్పదు. సంస్కరణము కోరువారు ఏ దేశమువారైనను, పడగొట్టుటకు ముందు ఈ రాయిని మోసినవాడెవడని యడిగి తెలిసికొనుట మంచిది. ప్రాత పట్టణపు చదుకమున నాటి శిలువలును, హుస్ విగ్రహమును, స్తంభమును ఇప్పుడు ఒక్కచోట నున్నవి. వానికి సంధి కుదిరినదని చెప్పను. వాని నడుమ జనులు నడచుటకు మాత్రము చోటు కుదిరినది.